పాట సంఘం నోట పలకాలంటే

చెన్నైలోని తెలుగు సంఘాల గాయక బృందాలకు, వాయిద్యకారులకు పెట్టిన ఒకరోజు శిక్షణలో ఉదయం చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. అయ్యగార్లకు, అమ్మగార్లకు, సంఘ పెద్దలకు, పొద్దున్నే లేచి తాంబరం నుంచి, ఆవడి నుంచి, ఎన్నూరు నుంచి లోకల్ రైళ్లలో వచ్చిన యవ్వనస్తులకు వందనాలు. వెనక నిలబడినవారు ముందుకు రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. ఈ ఉదయం చేతులతో కూడా పని ఉంది, తాళం వేయాలి. ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి.

ఒక ప్రశ్న అడుగుతాను. పోయిన ఆదివారం మీ గుడిలో రెండో పాటగా ఏం పాడారు? సరే, చాలామందికి గుర్తుంది. ఆ పాటలో రెండో చరణం ఏం చెప్పింది? చూశారా, చేతులు దిగిపోయాయి. తప్పుపట్టడానికి అడగలేదండి. నోరారా పాడాం, చప్పట్లు కొట్టాం, కొందరికి కళ్లు చెమర్చాయి కూడా. కానీ దేవునితో ఏం మాట్లాడామో చెప్పలేకపోతున్నాం. ఇంట్లో మనుషులతో అలా మాట్లాడతామా?

ఆరాధనలో సంగీతానికి అర్థం ఎక్కడినుంచి వస్తుంది? రాగంలో ఉందా? సాహిత్యంలో ఉందా? పాడేవారి భక్తిలో ఉందా? మూడూ కావాలి. కానీ మూడూ ఉండి కూడా అర్థం చేరని ఆరాధనలు ఉన్నాయి. మంచి పాట, మంచి గొంతు, మంచి మనసు, అన్నీ ఉన్నాయి. మాట మాత్రం వేదిక మీదే ఆగిపోయింది. సంఘం తన నోటితో, తెలిసి, తన మాటగా చెప్పినప్పుడే ఆ పాట ఆరాధన అవుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకోండి. శ్రుతి ఎంత పెట్టాలి, మైకులు ఎన్ని ఉండాలి, స్క్రీను ఎప్పుడు మార్చాలి, ఇవన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

ఈ చింత పాతదే. నాలుగో శతాబ్దం ముగుస్తున్న రోజుల్లో సంఘ పితరుడు అగస్టీను తన ఒప్పుకోలు గ్రంథం పదో భాగంలో దీని గురించే మథనపడ్డాడు. పాడుతున్న విషయం కన్నా పాడే తీరే తనను ఎక్కువ కదిలిస్తే అది పాపమే అని ఒప్పుకున్నాడు. మరి పాట వద్దన్నాడా? అనలేదు. విశ్వాసంలోకి వచ్చిన తొలి రోజుల్లో గుడి పాటలు విని కన్నీళ్లు కార్చిన సంగతి అక్కడే గుర్తు చేసుకున్నాడు. పాట ఉండాలి, మాట మీద పెత్తనం చేయకూడదు. అక్కడ నిలబడ్డాడు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1761లో పాడే పద్ధతి గురించి ఏడు సూచనలు రాశాడు. అందరూ పాడండి అన్నాడు. ధైర్యంగా పాడండి, కానీ మిగతావారి గొంతులు మింగేసేలా అరవకండి అన్నాడు. తాళానికి ముందు పరుగెత్తకండి, వెనకా పడకండి అన్నాడు. చివరిది, అన్నిటికన్నా పెద్దది, పలికే ప్రతి మాటలో దేవుని మీద దృష్టి ఉంచండి అన్నాడు. గమనించండి: తాళం గురించి, దేవుని మీద దృష్టి గురించి ఒకే కాగితం మీద రాశాడు. మనం రెంటినీ విడదీశాం. తాళం డ్రమ్ములవాడికి, భక్తి అయ్యగారికి అప్పజెప్పేశాం.

ఇక పనిలోకి దిగుదాం. పాట ఎంచుకున్నాక మీరు చేయాల్సిన మొదటి పని వాయిద్యం దగ్గర లేదు. కాగితం తీసుకుని పాట మొత్తం చదవండి. రాగం లేకుండా, పైకి, మాట్లాడినట్టు చదవండి. ప్రతి చరణం పక్కన ఒక సంగతి రాయండి: ఇక్కడ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? దేవునితోనా? పక్కనున్న విశ్వాసితోనా? తనతో తానేనా? 103వ కీర్తన మొదట్లో దావీదు తన ప్రాణంతోనే మాట్లాడతాడు. 42వ కీర్తనలో కూడా, ఎందుకు క్రుంగిపోతున్నావని కీర్తనకారుడు తన ప్రాణాన్నే అడుగుతాడు. 136వ కీర్తన జనాన్ని పిలుస్తుంది. 51వ కీర్తన నేరుగా దేవుని ముందు మోకరిస్తుంది. ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం 19వ వచనంలో పౌలు చెప్పింది కూడా ఇదే. ఒకరినొకరు హెచ్చరించుకోమన్నాడు, ప్రభువుకూ పాడమన్నాడు. రెండు దిక్కులు ఉన్నాయి.

ఇది తెలిస్తే ఏం మారుతుంది? పాట పెట్టే చోటు మారుతుంది. పాప ఒప్పుకోలు ప్రార్థన అయిన వెంటనే, సంఘం తలలు వంచుకుని ఉన్నప్పుడు, 'రండి, ఉత్సహించుదాం' అని జనాన్ని పిలిచే పాట ఎత్తుకుంటే ఏమవుతుంది? దేవునితో జరుగుతున్న మాట మధ్యలో తెగిపోతుంది. అక్కడ క్షమాపణ మాట వినాలి, ఆ తర్వాతే స్తుతి. సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం, గుడుల్లో 1950 నుంచి ప్రభువు బల్ల ఆరాధనకు ఒక క్రమం ఉంది: సమీపించడం, వాక్యం, విశ్వాస ప్రమాణం, విజ్ఞాపన, సమాధానం ఇచ్చిపుచ్చుకోవడం, బల్ల. ఈ క్రమమే సగం పాటలు ఎంచి పెడుతుంది. క్రమం లేని సంఘాలవారు, బాప్టిస్టులు, పెంతెకోస్తువారు, మీరైతే గురువారం లోపల అయ్యగారి దగ్గర వాక్యభాగం తీసుకోండి. శనివారం రాత్రి వాట్సాప్‌లో అడిగితే వాక్యం ఒక దారి, పాట ఒక దారి అవుతాయి.

శ్రుతికి వస్తాను. ఎక్కువ సంఘాలు మూగబోయేది ఇక్కడే. సంఘంలో సంగీతం నేర్చుకోనివారే ఎక్కువ. ఆడవారైనా మగవారైనా వారి వారి స్థాయిలో హాయిగా అందుకునేది, కింద 'ఏ' (A) స్వరం నుంచి పైన 'డి' (D) వరకు. కీబోర్డు మీద మధ్య సి పక్కనున్న డి మగవారికి పై హద్దు, ఆ పై స్థాయి డి ఆడవారికి పై హద్దు. ఒక్క క్షణం 'ఈ' (E) స్వరం దాకా వెళ్లి దిగితే ఫరవాలేదు. అక్కడే నాలుగు మాటలు నిలబెడితే సగం మంది ఊరుకుంటారు. మిగిలిన సగం అరుస్తారు.

ఇప్పుడు లెక్క. పాటలో అన్నిటికన్నా పై స్వరం వెతకండి. పల్లవిలో వెతికి ఆగిపోకండి, అది సాధారణంగా చరణం మధ్యలో ఉంటుంది. శ్రుతిని పల్లవి చూసి పెట్టడం వల్లే చరణంలో గొంతులు పడిపోతాయి. ఉదాహరణకు పాట మంద్ర పంచమం నుంచి తార షడ్జం దాకా నడుస్తుంది అనుకుందాం. రెండు శ్రుతి పెట్టండి. సా డి మీద ఉంటుంది, కింద పా 'ఏ' మీద పడుతుంది, పైన సా డి దగ్గర ఆగుతుంది. సరిగ్గా సరిపోయింది. ఇంకో పాట సా నుంచి తార గాంధారం దాకా వెళ్తుంది, శంకరాభరణం లాంటి రాగం. దానికి రెండు శ్రుతి పెడితే పైన ఎఫ్ షార్ప్ వస్తుంది, సంఘం అందుకోలేదు. ఆరున్నర శ్రుతికి, అంటే సా కింది 'ఏ' షార్ప్ మీదికి, దించండి, పై గాంధారం డి మీద పడుతుంది. ఉదయం 7 గంటల ఆరాధన అయితే ఇంకో అర దించండి, నిద్ర లేచిన గొంతు ఇంకా తెరుచుకోదు.

మరి రికార్డింగుల సంగతి? యవ్వనస్తులు ఇది జాగ్రత్తగా వినండి. స్టూడియోలో పాడే గాయకుడు రెండు శ్రుతిలో పాడుతూ తార పంచమం దాకా వెళ్తాడు. సా నుంచి తార పా అంటే ఒక స్థాయి, దాని మీద ఐదు స్వరాలు. అంత విస్తీర్ణం ఉన్న పాటకు సంఘం గొంతులో చోటు లేదు. పై స్వరం అందేలా దించితే కింద సా వినపడదు, కింద అందేలా ఎత్తితే పైన పగిలిపోతుంది. ఏ శ్రుతీ కుదరదు. అలాంటి పాటను వదిలేయాలా? అక్కర్లేదు. చరణం ఒక గొంతుకు ఇవ్వండి, పల్లవి సంఘానికి ఇవ్వండి. ఆ పల్లవి మాత్రం వారికి అందేలా ఉందో లేదో చూడండి. ఇంకొకటి: చివరి పల్లవికి అర స్వరం, ఒక స్వరం పైకి ఎత్తే అలవాటు ఉంది. ఊపు వస్తుంది, నిజమే. కానీ హద్దు దగ్గర ఉన్న పాటను ఎత్తితే, సంఘం మనస్ఫూర్తిగా పాడాల్సిన చివరి మాటలో వారి నోరు మూసేసినట్టే.

వాయిద్యకారులకు ఒక్క మాట. కాగితం మీద 'సి' అని రాస్తే కీబోర్డువారికి ఒక అర్థం, గిటారువారికి ఇంకో అర్థం. ఒకరు కీబోర్డులో శ్రుతి జరిపే ట్రాన్స్‌పోజ్ రెండు పెట్టి సి వాయిస్తారు, ఇంకొకరు గిటారు రెండో మెట్టు మీద కేపో బిగించి సి పట్టుకుంటారు. ఇద్దరికీ డి వస్తుంది, బాగానే ఉంది. ఇద్దరిలో ఒకరు మరిచిపోతే? అందుకే వేళ్లు పట్టేది ఏదైనా, నిజంగా వినపడే షడ్జం ఏదో అదే రాయండి: 'సా అంటే డి'. పాట అయిన వెంటనే ట్రాన్స్‌పోజ్ సున్నాకు తెచ్చేయండి. తబలా ఉన్న చోట పాటల వరస కూడా చూసుకోవాలి. కుడి తబలా కాస్త ఎక్కుతుంది, కాస్త దిగుతుంది, అంతకు మించి లాగితే నాదం పోతుంది. రెండు శ్రుతి పాట పక్కనే ఐదు శ్రుతి పాట పెట్టి, మధ్యలో సుత్తి పట్టుకుని కొడుతూ కూర్చుంటే ప్రార్థన వినపడదు. రెండు తబలాలు తెచ్చుకోండి, లేదా దగ్గర శ్రుతుల పాటలు పక్కపక్కన పెట్టండి.

తాళం. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే మన చేతుల్లోంచి జారిపోతున్నది ఇదే. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీయండి. పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. అలంకారానికి వేయలేదు. పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టారు, 1890 దాకా జీవించారు. ఆయనా, ఆయన దారిలో వచ్చినవారూ తెలుగువాడి చెవికి తెలిసిన కీర్తన కట్టుబడిలో క్రీస్తును పాడారు. ఇక్కడ తమిళంలో తంజావూరు వేదనాయక శాస్త్రియార్ అదే పని చేశారు, 1774 నుంచి 1864 వరకు ఆయన కాలం. మన పక్క సంఘాలవారు ఆయన్ని ఇవాళ్టికీ పాడుతున్నారు.

ఇప్పుడు చేతులు తీయండి. త్రిపుట తాళం. చప్పట్టు, చిటికెన వేలు, ఉంగరం వేలు. చప్పట్టు, తిప్పు. చప్పట్టు, తిప్పు. మళ్లీ: ఒకటి రెండు మూడు, ఒకటి రెండు, ఒకటి రెండు. ఎన్ని అయ్యాయి? ఏడు. ఇంకోసారి, కలిసి. బాగుంది. కీబోర్డులో ఉండే రిథమ్ స్టైళ్లలో ఏడు లెక్కలది దొరకడం కష్టం. అప్పుడేం చేస్తారు? ఎనిమిది లెక్కల స్టైల్ నొక్కుతారు. ప్రతి ఆవర్తనంలో ఒక లెక్క మిగిలిపోతుంది. ఆ మిగులును ఎక్కడ పెట్టాలి? వరస చివర సాగదీస్తారు, లేదా వాయిద్యంతో నింపుతారు. చరణంలో ఒక వాక్యం రెండు వరసల మీదుగా నడుస్తుంటే, సరిగ్గా మధ్యలో గండి పడుతుంది. కర్త ఒక ఒడ్డున, క్రియ ఒక ఒడ్డున. కొందరు ఆరు లెక్కల స్టైల్ పెడతారు, అప్పుడు ఒక లెక్క తగ్గి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. 'ఈ పాత కీర్తనలు యవ్వనస్తులకు పట్టవండి' అంటారు. తాళం మార్చేసి పాడితే ఎవరికి పడతాయి? స్టైల్ ఆపేయండి. తబలా ఉంటే తబలా, లేకపోతే చప్పట్లు చాలు: ఒకటి, నాలుగు, ఆరు లెక్కల మీద. పది నిమిషాల్లో పిల్లలకు కూడా వచ్చేస్తుంది, ఇప్పుడు మీకు వచ్చింది కదా.

ఎత్తుగడ కూడా చూసుకోండి. చాలా కీర్తనలు సమం మీద మొదలుకావు, తాళం పడ్డాక అర లెక్క, ఒకటిన్నర లెక్క వదిలి అందుకుంటాయి. సంఘానికి అది తెలియదు. నడిపించేవారు చెయ్యెత్తి, అందరికీ కనపడేలా ఊపిరి తీసుకుని, ఆ ఊపిరితోనే వారిని లోపలికి పిలవాలి. కీబోర్డు ముందు వాయించే భాగం పల్లవి చివరి వరస అయితే చాలు. అదే శ్రుతి, అదే వేగం. నాలుగు రకాల అలంకారాలు వాయించి పాటలోకి వస్తే ఎక్కడ అందుకోవాలో ఎవరికీ తెలియదు.

అనువాద గీతాలకు ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషు ట్యూను ఊనిక మీద నడుస్తుంది, తెలుగు మాట గురులఘువుల మీద నడుస్తుంది. ట్యూనులో పొడుగు స్వరం ఉన్న చోట మన లఘువు పడితే ఏమవుతుంది? 'నా మది నీకే' అని రాశారు, ట్యూను 'మ' దగ్గర రెండు లెక్కలు ఆగుతుంది. సంఘం నోట 'నా మాది నీకే' అని వస్తుంది. 'పాదముల పడి' అన్నది 'పాదముల పాడి' అవుతుంది. పాడేవారికి తెలియదు, వినేవారికి అర్థం కాదు. ఎలా పట్టుకోవాలి? వరసను మాట్లాడినట్టు చదివి గురువుకు గీత, లఘువుకు చుక్క పెట్టండి. ఇప్పుడు పాడి చూడండి. మాట చివరి అచ్చును సాగదీస్తే మన చెవి ఒప్పుకుంటుంది, కర్ణాటక సంగీతంలో అది మామూలే. మాట మొదటి లఘువును సాగదీస్తే మాట మారిపోతుంది. అలాంటి చోట మొదటి అక్షరాన్ని చప్పున పలికి, ఆ పొడుగును రెండో అక్షరానికి ఇవ్వండి. ఒక్కోసారి మాట మార్చక తప్పదు. అలా అయితే అయ్యగారితో, తెలుగు బాగా తెలిసిన పెద్దలతో కూర్చుని మార్చండి, ఒక్కరే మార్చేయకండి. ఊపిరి కూడా అంతే. 'పరిశు' అని ఊపిరి తీసుకుని 'ద్ధాత్మ' అంటే ఎలా? కాగితం మీద ఊపిరి గుర్తులు పెట్టుకోండి.

పుస్తకంలో చరణం చివర రెండు నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట ఉంటుంది, చూశారా? 'మళ్లీ పల్లవి పాడండి' అని చెప్పడానికే అనుకుంటాం. చాలా కీర్తనల్లో చరణం వాక్యం అక్కడ పూర్తికాదు, పల్లవిలోకి వెళ్లి పూర్తవుతుంది. రెండో చరణం తర్వాత పాడే పల్లవికీ మూడో చరణం తర్వాత పాడే పల్లవికీ అర్థం ఒకటి కాదు, చరణం దానికి కొత్త కారణం ఇచ్చింది. చరణానికీ పల్లవికీ మధ్య మ్యూజిక్ బిట్ పెడితే ఆ కారణం తెగిపోతుంది. బిట్ పెట్టాలనుకుంటే పల్లవి తర్వాత పెట్టండి. స్క్రీను నడిపేవారు, మీరు కూడా గాయక బృందంలో భాగమే, సాధనకు రండి. వరస అయిపోయాక స్లైడు మారిస్తే ఆలస్యం. ఆఖరి మాట మొదలవుతుండగానే మార్చండి. కళ్లు ఎప్పుడూ నోటికన్నా ఒక మాట ముందు ఉంటాయి.

స్క్రీను అన్నాం కాబట్టి మన చెన్నై సంఘాల సొంత సమస్య. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు లిపి రాదు. కాబట్టి పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో వేస్తున్నాం, కొందరు తమిళ అక్షరాల్లో వేస్తున్నారు. రెండింటిలోనూ నష్టం ఉంది, ఏది ఎక్కడ నష్టమో తెలుసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాల్లో మామూలుగా రాస్తే దీర్ఘాలు పోతాయి, ల, ళ ఒకటైపోతాయి. తమిళ అక్షరాల్లో దీర్ఘాలు నిలుస్తాయి, కానీ క, గ కు ఒకే అక్షరం, త, ద కు ఒకే అక్షరం. ఇంగ్లీషు అక్షరాల్లో వేసేవారు దీర్ఘానికి అచ్చు రెండుసార్లు రాసే పద్ధతి ఒకటి పెట్టుకుని, అన్ని పాటలకూ అదే వాడండి. అంతకన్నా మంచి దారి చెవి. ఆ వారం పాట సాహిత్యాన్ని ఒకరు రాగం లేకుండా నిదానంగా చదివి ఒక నిమిషం ఆడియో గ్రూపులో పెట్టండి. 'దురితము', 'త్రాహి' లాంటి మాటలు వస్తే పాటకు ముందు ఇరవై సెకన్లలో అర్థం చెప్పండి. పాత మాటలని పాటలే తీసేయడం కన్నా ఇది ఎంతో మేలు. చిన్న ప్రసంగం మాత్రం చేయకండి, ఇరవై సెకన్లు.

సౌండు గురించి త్వరగా చెప్తాను, మధ్యాహ్నం మిక్సర్ దగ్గర మళ్లీ చూస్తాం. ఒకరినొకరు హెచ్చరించుకోమని పౌలు అన్నాడు కదా, పక్కవారి గొంతు వినపడకపోతే అది ఎలా జరుగుతుంది? ఆరుగురు పాడితే ఆరు మైకులు పెడుతున్నాం. సంఘానికి వినపడేది ఆ ఆరుగురే. తన గొంతు తనకే వినపడని మనిషి రెండో చరణానికి పాడడం మానేస్తాడు. నడిపించేవారికి ఒక్క మైకు చాలు, మిగతావారు మైకు వెనక నిలబడి సంఘంతో పాటే పాడాలి. సంఘం పాట అందుకున్నాక నడిపించేవారు మైకును కొంచెం దూరం జరపాలి. ఫోన్‌లో డెసిబెల్ కొలిచే యాప్ పెట్టి మధ్య వరసలో కూర్చుని చూడండి. చెవికి హాని లేకుండా 85 డెసిబెల్ శబ్దంలో 8 గంటలు ఉండొచ్చని పని చోట్ల పాటించే లెక్క. 3 డెసిబెల్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగం అవుతుంది. 100 దగ్గర పావుగంటే. అక్కడ సండేస్కూలు పిల్లలు కూర్చుని ఉంటారు.

పొడుగాటి గుడుల్లో ఇంకో సమస్య, పాట రానురాను నెమ్మదించడం. సంఘం సోమరితనం అనుకుంటాం. కారణం వేరు. మన ఎండల్లో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు వెళ్తుంది. 35 మీటర్ల గుడిలో వెనక వరసకు మీ గొంతు సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది, వారి గొంతు మీకు తిరిగి రావడానికి ఇంకో పదో వంతు. నిమిషానికి 80 లెక్కల వేగంలో ఇది పావు లెక్క పైమాటే. మీరు వారి కోసం ఆగితే వారు మీ కోసం ఆగుతారు, వరస వరసకూ వేగం పడిపోతుంది. తాళం పట్టుకున్నవారు వెనక వరసను వినకూడదు, చేతిలో తాళాన్నే నమ్మాలి. ఎత్తయిన రాతి గుడుల్లో గొంతు రెండు మూడు సెకన్లు మోగుతూనే ఉంటుంది. అక్కడ డ్రమ్స్ తగ్గించి, వేగం కాస్త తగ్గించి, హల్లులు స్పష్టంగా పలకండి.

ఇప్పుడు నాకు బరువుగా ఉన్న సంగతి ఒకటి. మన ఆరాధనల్లో దుఃఖానికి పాట లేదు. 150 కీర్తనల్లో మూడో వంతు దాకా మొర పెట్టేవే. ఎన్నాళ్లు మరచిపోతావని 13వ కీర్తన దేవుణ్ణే అడుగుతుంది. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, చివర ఒక్క స్తుతి వచనం కూడా లేదు. అది బైబిల్లో ఉంది, తీసేయలేదు. మన పాటల జాబితాలో అలాంటిది ఎక్కడ? 2004 డిసెంబరు 26 ఆదివారం. ఆ ఉదయమే సునామీ మన తీరానికి వచ్చింది. 2015 డిసెంబరు మొదటి వారంలో నగరం నీట మునిగినప్పుడు అది ఆగమన కాలం. అలాంటి వారం తర్వాత వచ్చే ఆదివారానికి మీ సంఘం దగ్గర ఏ పాట ఉంది? ఊరంతటికీ వచ్చిన ఆపదే అక్కర్లేదు. ప్రతి ఆదివారం మీ వరసల్లో భర్తను పోగొట్టుకున్న అమ్మ ఒకరు, ఉద్యోగం పోయిన తమ్ముడు ఒకరు కూర్చుంటారు. నాలుగు పాటలూ విజయం గురించే అయితే వారు దేవునితో అబద్ధం ఆడాలి, లేదా నోరు మూసుకోవాలి. నెలకు ఒక్కటైనా మొర పాట పెట్టండి. ముఖారి లాంటి రాగాల్లో మన పెద్దలు కట్టినవి ఉన్నాయి, వెతకండి. వాయించేటప్పుడు శ్రుతి తక్కువ, వాయిద్యం ఒకటి, మెల్లగా ఉన్నా తాళం సడలకూడదు. పాట అవగానే హుషారు పాటలోకి దూకకండి. కాసేపు ఊరుకోండి. అక్కడ ఎవరూ ప్యాడ్, అంటే కీబోర్డులో వెనక సాగే నాదం, వాయించనక్కర్లేదు. శుభ శుక్రవారం మూడు గంటల ఆరాధనలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మధ్య పాటలకూ ఇదే వర్తిస్తుంది: ఏడు పాటలకు ఏడు రకాల ఆర్భాటం అక్కర్లేదు, ఒకే చిన్న పల్లవిని ఏడుసార్లు పాడినా సరిపోతుంది.

ఒకే మాట మళ్లీ మళ్లీ పాడడం కొందరికి నచ్చదు, తెలుసు. 136వ కీర్తన తీయండి. 26 వచనాలు, 26 సార్లు ఒకే జవాబు: ఆయన కృప నిరంతరముండును. ప్రతిసారీ దానికి ముందు కొత్త సంగతి ఒకటి వస్తుంది: సూర్యుడు, ఎర్ర సముద్రం, అరణ్యం, ఆహారం. కొత్త సంగతి లేకుండా ఊరికే తిప్పితే అలసట వస్తుంది, సంగతి మారుతూ జవాబు నిలిస్తే ఆ జవాబు లోపలికి దిగుతుంది. ఫ్రాన్సులోని తేజే సమాజం చిన్న చిన్న పల్లవులను ఇలాగే ప్రార్థనగా పాడుతుంది. మన సంఘాలకు ఇది ఎంత ఉపయోగమో చూడండి: లిపి రానివారు, చూపు తగ్గిన పెద్దలు, నిన్ననే చేరినవారు, అందరూ రెండోసారికే పాడగలరు. స్క్రీను అక్కర్లేదు, కళ్లు మూసుకోవచ్చు.

టీ తర్వాత మూడు జట్లుగా విడిపోదాం. ప్రతి జట్టు కీర్తనల పుస్తకంలోంచి ఒకటి తీసుకోండి, అలవాటైనది వద్దు, ఈ ఏడాది పాడనిది. ముందు చదవండి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చరణం పక్కన రాయండి. పై స్వరం వెతికి శ్రుతి రాయండి. తాళం పేరు చూసి చేత్తో వేసి పాడండి, ఊపిరి గుర్తులు పెట్టండి. 12 గంటలకు ఒక్కో జట్టు వచ్చి ఆ పాట మిగతా రెండు జట్లవారికి నేర్పాలి, వరస వరసగా, మైకు లేకుండా. కీబోర్డులు అప్పటిదాకా మూసే ఉంచండి. భోజనం అయ్యాక తెరుద్దాం.